తొలి అడుగుకు తోడుమాట: ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ప్రవేశకుల సలహా రచనలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆన్‌లైన్ పాత్రధారణ క్రీడల్లోకి కొత్తగా అడుగుపెట్టేవారి కోసం అనుభవజ్ఞులు రాసే సలహాలు ఈనాడు ఒక ప్రత్యేక రచనాప్రక్రియగా స్థిరపడ్డాయి. ఇవి కేవలం సమాచారాన్ని అందించడంతో ఆగవు. కొత్తవారు ఆ లోకాన్ని ఎలా చూడాలో, దేనికి విలువ ఇవ్వాలో, తోటివారితో ఎలా మెలగాలో కూడా ముందుగానే నిర్ణయిస్తాయి. 2004లో వెలువడిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ను ఉదాహరణగా స్వీకరించి, ఈ సలహాల స్వభావాన్ని భారతీయ అలంకారశాస్త్రం చెప్పిన ప్రభుసమ్మిత, మిత్రసమ్మిత, కాంతాసమ్మిత ఉపదేశాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కారణాన్ని చెప్పి, సమయం తెలిసి పలికే మిత్రవాక్యం కొత్తవారికి లోకాన్ని చదవడం నేర్పుతుందనీ, అదే వాక్యం ఆజ్ఞగా గడ్డకట్టినప్పుడు ఆ చదువును అనవసరం చేస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆన్‌లైన్ క్రీడలు, పాత్రధారణ, సలహా రచన, ఉపదేశ త్రైవిధ్యం, ఔచిత్యం, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, కాశీమజిలీ కథలు.

1. ఉపోద్ఘాతం:

అనేకులు ఒకే కాల్పనిక లోకంలో ఏకకాలంలో సంచరిస్తూ, ఎవరి పాత్రను వారు పెంచుకుంటూ ఆడే క్రీడలకు మూలరూపం 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాయ్ ట్రబ్‌షా ప్రారంభించి, రిచర్డ్ బార్టిల్ విస్తరించిన ఆ ‘మడ్’ అనే క్రీడలో బొమ్మలు లేవు. గదులు, దారులు, ఆపదలు అన్నీ వాక్యాలలోనే ఉండేవి. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’ ఈ సంప్రదాయాన్ని చిత్రరూపంలోకి తెచ్చాయి. 2004 నవంబరు 23న అమెరికాకు చెందిన బ్లిజర్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ను విడుదల చేసింది. ‘అజెరాత్’ అనే లోకం, అందులో ‘అలయన్స్’, ‘హోర్డ్’ అనే రెండు వైరిపక్షాలు, ఎనిమిది జాతులు, తొమ్మిది వృత్తివర్గాలతో ఆ క్రీడ ఆరంభమైంది.

ఇటువంటి క్రీడలో ప్రవేశించే వ్యక్తికి తొలి క్షణం నుంచే ప్రశ్నలు ఎదురవుతాయి. ఏ జాతిని ఎంచుకోవాలి? ఏ వృత్తి సులభం? చనిపోతే ఏమవుతుంది? చేతిలోని నాణేలు దేనికి ఖర్చుచేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానంగా ముందుతరం ఆటగాళ్లు రాసిన సలహాల రాశి చాలా పెద్దది. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ గ్రంథానికి చుట్టూ ఉండే పీఠిక, శీర్షిక, వ్యాఖ్య వంటివాటిని పరిగ్రంథాలుగా విశ్లేషించాడు. ఆ భావనను ఆధారం చేసుకొని మియా కాన్సాల్వో 2007లో వెలువరించిన గ్రంథంలో, క్రీడల చుట్టూ అల్లుకున్న మార్గదర్శక రచనలు ఆటగాళ్ల అభిరుచిని, ఆటను గురించిన అంచనాలను తీర్చిదిద్దుతాయని వివరించారు. అయితే ఈ సలహాలను వాటి వాక్యనిర్మాణం, స్వరం, ఉద్దేశం దృష్ట్యా రచనలుగా చదవవలసిన అవసరం కూడా ఉంది. వ్యాఖ్యానం లేనిదే కావ్యప్రవేశం కష్టమని నమ్మిన సంప్రదాయానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. వ్యాఖ్యానం కావ్యాన్ని తెరుస్తుందా, కావ్యం స్థానాన్ని తానే ఆక్రమిస్తుందా అన్నది పాత చర్చే.

2. ఉపదేశ త్రైవిధ్యం - క్రీడకు అన్వయం:

మమ్మటుని ‘కావ్యప్రకాశం’లోను, ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో వెలసిన విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’లోను ఉపదేశం మూడు విధాలుగా కనిపిస్తుంది. వేదం ప్రభువు వలె ఆజ్ఞాపిస్తుంది. పురాణం మిత్రుని వలె మంచిచెడ్డలు వివరించి చెబుతుంది. కావ్యం కాంత వలె సరసంగా మనసును తనవైపు తిప్పుకొని, బోధిస్తున్నట్టు తెలియకుండానే బోధిస్తుంది.

క్రీడలోనూ ఈ మూడు స్వరాలను గుర్తించవచ్చు. ఫలానా లెవెల్ వస్తేగాని ఫలానా ఆయుధం పట్టరాదన్న నియమం ప్రభువాక్యం. అక్కడ వాదనకు తావులేదు. అనుభవజ్ఞుడు కొత్తవారికి చెప్పే మాట మిత్రవాక్యం. కొండలు, దారులు, దీపాలు, శత్రువుల అమరిక ద్వారా లోకమే మౌనంగా చేసే సూచన కాంతావాక్యం.

ఒకే విషయం స్వరం మారితే ఎంత మారిపోతుందో ఈ క్రీడా నిర్మాణ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. విడుదలకు ముందు జరిగిన బీటా పరీక్షల దశలో, ఎక్కువసేపు ఆడినవారికి లభించే అనుభవ పాయింట్లను తగ్గించే పద్ధతి ఉండేది. ఆటగాళ్లు దానిని శిక్షగా భావించి వ్యతిరేకించారు. నిర్మాతలు ఆ లెక్కనే తిరగవేశారు. సత్రంలోనో నగరంలోనో ఆట ఆపి విశ్రమించినవారికి, ఆ తరువాత సంహరించే ప్రతి శత్రువుపై రెట్టింపు అనుభవం వచ్చేలా చేశారు. ఎనిమిది గంటల విశ్రాంతికి ఒక లెవెల్‌లో 5 శాతం చొప్పున, గరిష్ఠంగా ఒకటిన్నర లెవెల్ వరకు ఈ అదనపు ఫలం పోగవుతుంది. ‘ఇక చాలు, ఆపు’ అన్న ఆజ్ఞ ‘విశ్రమించి రా, నీకోసం ఫలం దాచి ఉంచుతాను’ అన్న పిలుపుగా మారింది. అంతవరకు ప్రతిఘటించినవారు ఆ పిలుపును సంతోషంగా స్వీకరించారు. అలంకారికులు కావ్యానికి ఉపదేశశక్తి ఎక్కువని ఎందుకు అన్నారో ఈ ఉదంతం చక్కగా నిరూపిస్తుంది.

3. లోకమే గురువైన చోటు - ఎల్విన్ అడవి:

సలహాల విలువను తూచాలంటే, సలహా లేకుండానే ఆ లోకం ఏమి నేర్పుతుందో ముందు తెలియాలి. 2004 నాటి రూపంలో మానవజాతి పాత్ర ‘నార్త్‌షైర్’ అనే చిన్న లోయలో, ఒక మఠం ముంగిట కళ్లు తెరుస్తుంది. అక్కడి తోడేలు పిల్లలు, కొవ్వొత్తులను అంటిపెట్టుకొని తిరిగే ‘కోబోల్డ్’ అనే ఎలుకముఖపు జీవులలో అల్పమైనవి తమంత తాము దాడిచేయవు. వాటి పేర్లు పసుపురంగులో ఉంటాయి. కొంచెం దూరం వెళితే గనిలోను, ద్రాక్షతోటలోను ఎర్రరంగు పేర్లు ఎదురవుతాయి. అవి కనిపించగానే మీదపడే శత్రువులవి. పసుపునకు, ఎరుపునకు గల భేదాన్ని ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. ఒక్క దెబ్బ ఆ పాఠం నేర్పుతుంది.

లోయ దాటితే ఎల్విన్ అడవి. గోల్డ్‌షైర్ గ్రామం, అందులో సత్రం, కమ్మరి కొలిమి. అడవి పడమటి అంచున సైనిక శిబిరం దగ్గర ఒక ప్రకటన కనిపిస్తుంది. ‘హాగర్’ అనే గ్నోల్ నాయకుణ్ణి మట్టుపెట్టినవారికి బహుమతి అని దాని సారాంశం. గ్నోల్ అంటే హైనా తల గల నరాకార జీవి. హాగర్ 11వ లెవెల్‌కు చెందినవాడు, పైగా ‘ఎలైట్’ శ్రేణివాడు. అంటే అదే లెవెల్ గల సాధారణ శత్రువుకంటే ఎన్నో రెట్లు బలవంతుడు. అప్పటివరకు ఒంటరిగా అన్నీ సాధించిన కొత్త ఆటగాడు ఇక్కడ నేలకూలతాడు. ప్రేతరూపంలో శ్మశానం నుంచి తన శవం దాకా నడిచి వచ్చి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ పడిపోతాడు. మూడోసారి వచ్చేసరికి అదే చోట తనలాగే నిలబడి చూస్తున్న మరొక కొత్తవ్యక్తి కనిపిస్తాడు. ఇద్దరూ జట్టుకడతారు.

ఇక్కడ జరిగిన బోధ గమనించదగినది. ‘ఈ లోకంలో ఒంటరిగా అన్నీ సాధ్యం కావు’ అన్న వాక్యం ఎక్కడా రాసిలేదు. కానీ హాగర్ ఉనికే ఆ వాక్యం. కొత్తవారి కోసం రాసే సలహా అంతా ఈ అడవి అంచున పరీక్షకు నిలబడాలి. ‘హాగర్‌ను వదిలేసి ముందుకు వెళ్లండి, వచ్చే అనుభవానికి పోయే సమయం ఎక్కువ’ అనే తరహా సలహా లెక్కప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ అది లోకం చేయబోయే ప్రధానమైన బోధను తొలగిస్తుంది. ‘ఆ శిబిరం దగ్గర కాసేపు ఆగి, అక్కడ ఉన్నవారిని పలకరించండి’ అనే సలహా అంతే చిన్నది. కానీ అది లోకం చెప్పబోయే మాటకు శ్రోతను సిద్ధం చేస్తుంది.

4. మిత్రవాక్య లక్షణం - కారణం చెప్పడం:

మిత్రుడు ప్రభువుకంటే భిన్నంగా ఉండేది కారణం చెప్పడంలో. ప్రవేశకుల సలహాలలో ఉత్తమమైనవాటిని అధమమైనవాటి నుంచి వేరుచేసే మొదటి గుర్తు ఇదే. ఈ క్రీడ తొలి రూపానికి సంబంధించి తరచుగా వినిపించే కొన్ని సలహాలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

మొదటిది సంచుల గురించినది. పాత్రకు ఆరంభంలో లభించే సంచిలో 16 అరలు మాత్రమే ఉంటాయి. దొరికినదల్లా ఏరుకునే కొత్తవారికి అది అరగంటలో నిండుతుంది. ప్రతిసారీ ఊరికి తిరిగి వెళ్లి అమ్ముకోవడంతో పొద్దు గడిచిపోతుంది. కనుక తొలి నాణేలతో కొత్త కవచం కొనడం కంటే చిన్న సంచి కొనడం మేలని పెద్దలు చెబుతారు. రెండవది విద్యల గురించినది. దాదాపు ప్రతి రెండు లెవెళ్లకు ఒకసారి శిక్షకుని దగ్గర కొత్త విద్యలు లభిస్తాయి. వాటికి రుసుము ఉంటుంది. అన్నీ కొంటే చేతిలో ఏమీ మిగలదు. ఎప్పుడూ వాడే రెండుమూడు విద్యలను మాత్రమే ఎప్పటికప్పుడు పెంచుకోవాలన్న సలహా ఈ కారణంగా పుట్టింది. మూడవది నారబట్ట గురించినది. శత్రువుల దగ్గర దొరికే నారబట్టను అమ్మకుండా దాచుకొని, ప్రథమచికిత్స నేర్చి కట్లు తయారుచేసుకుంటే, గాయాలు మాన్పే మంత్రాలు లేని వృత్తులవారు కూడా నిలదొక్కుకుంటారు.

నాలుగవది పోరాటానికి సంబంధించినది, అన్నిటికంటే విలువైనది. నరాకార శత్రువులు చావుకు చేరువకాగానే పారిపోతారు. పారిపోతూ తమవారిని వెంటబెట్టుకొని వస్తారు. తమకంటే తక్కువ లెవెల్ గల పాత్రను శత్రువులు మరింత దూరం నుంచే పసిగడతారు. ఈ రెండు విషయాలు తెలిసిన తరువాత, గుహలో లోతుగా వెళ్లి పోరాడరాదనీ, ఒక్కొక్కరిని బయటికి రప్పించుకోవాలనీ వేరే చెప్పనక్కరలేదు. నీటి ఒడ్డున గుంపులుగా ఉండే ‘మర్‌లాక్’ అనే చేపముఖపు జీవుల దగ్గరకు ఎందుకు ఒంటరిగా పోరాదో కూడా కొత్త ఆటగాడు స్వయంగా ఊహించగలడు.

ఇదే మిత్రవాక్యం సాధించే ప్రయోజనం. కారణంతో కూడిన ఒక్క సలహా ఇంకా చూడని పది సందర్భాలకు పనికివస్తుంది. కారణం లేని పది సలహాలు పదకొండో సందర్భంలో మనిషిని నిస్సహాయుణ్ణి చేస్తాయి. ‘ఆరో లెవెల్ దాకా ఇక్కడ, పదో లెవెల్ దాకా అక్కడ’ అంటూ అడుగడుగునా నడిపించే దారిపట్టీలు ఈ రెండవ కోవకు చెందినవి. అవి గమ్యం చేర్చుతాయి, కానీ నడక నేర్పవు.

ఈ దారిపట్టీల వెనుక ఒక అంగీకరించబడని ఊహ కూడా ఉంది. రిచర్డ్ బార్టిల్ 1996లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆటగాళ్లను సాధకులు, అన్వేషకులు, సాంఘికులు, ఇతరులపై దాడిలో ఆనందించేవారు అని నాలుగు విధాలుగా వర్గీకరించాడు. అధికశాతం సలహాలు కొత్తవారిని సాధకులుగానే ఊహించుకుంటాయి. ‘సమయం వృథా’ అనే మాట వాటిలో పదేపదే వినిపిస్తుంది. కొండ వెనుక ఏముందో చూడాలనుకునే అన్వేషకునికి కొండ చుట్టూ తిరగడం వృథా కాదు. గోల్డ్‌షైర్ సత్రంలో కూర్చొని మాట్లాడేవారికి ఆ మాటలే ఆట. ఎవరి కోసం రాస్తున్నారో చెప్పకుండా అందరికీ ఒకే కొలత వేయడం ఈ ప్రక్రియలోని ప్రధానలోపం.

5. మిత్రవాక్యం ఆజ్ఞగా మారిన క్రమం - మాంక్రిక్ భార్య:

హోర్డ్ పక్షానికి చెందిన కొత్తవారు త్వరలోనే ‘బారెన్స్’ అనే విశాలమైన ఎండుభూమికి చేరుకుంటారు. అక్కడి ‘క్రాస్‌రోడ్స్’ అనే కూడలిలో మాంక్రిక్ అనే యోధుడు నిలబడి ఉంటాడు. పందిముఖపు శత్రువులతో జరిగిన పోరులో అతడు భార్యకు దూరమయ్యాడు. ఆమె ఏమైందో తెలియదు. ఆమె జాడ తెలుసుకొని రమ్మని అతడు వచ్చినవారందరినీ అర్థిస్తాడు. దక్షిణంగా వెతకమన్న స్థూలమైన సూచన తప్ప మరే వివరమూ అతడు ఇవ్వలేడు. యుద్ధంలో విడిపోయిన భర్తకు అంతకంటే తెలిసే అవకాశమూ లేదు. వెతికితే చివరకు దొరికేది ఆమె మృతదేహం. ఆ వార్తను ఆటగాడే తిరిగి మోసుకువెళ్లాలి.

ఆ రోజుల్లో బారెన్స్ ప్రాంతపు బహిరంగ సంభాషణలో ‘మాంక్రిక్ భార్య ఎక్కడ?’ అనే ప్రశ్న ఎడతెగకుండా వినిపించేది. అది క్రమంగా ఆటగాళ్లందరికీ తెలిసిన హాస్యోక్తిగా మారింది. విసుగుతో కొందరు, వేళాకోళంగా కొందరు, ఓపికగా కొందరు జవాబిచ్చేవారు. విమర్శకులు ఆ సంభాషణను తరచుగా గోలగా కొట్టిపారేసినా, అందులో ఒక వ్యవస్థ ఉంది. అడగడానికి ఒక కారణం ఉండేది, జవాబివ్వడానికి ఒక మనిషి ఉండేవాడు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఏ వృత్తిసమాజంలోనైనా కొత్తవారు అంచున నిలబడి, చిన్నపనులు చేస్తూ, పెద్దలను చూస్తూ అడుగుతూ క్రమంగా లోపలికి చేరుకుంటారు. బారెన్స్‌లోని ఆ ప్రశ్న అటువంటి అంచున వేసిన అడుగు.

తరువాతి పరిణామాలు క్రమంగా చోటుచేసుకున్నాయి. ‘థాట్‌బాట్’, 2006లో మొదలైన ‘వావ్‌హెడ్’ వంటి సమాచార భాండాగారాలలో ఆటగాళ్లు ప్రతి క్వెస్ట్ కింద అక్షాంశ రేఖాంశాల వంటి అంకెలను నమోదుచేశారు. పిమ్మట ఆ అంకెలను తెరపై బాణపుగుర్తుగా చూపే యాడాన్లు వచ్చాయి. 2009 డిసెంబరులో విడుదలైన 3.3 సవరణతో నిర్మాణసంస్థే క్వెస్ట్ స్థలాలను మ్యాప్ మీద గుర్తించి చూపడం మొదలుపెట్టింది. అదే సవరణలో అపరిచితులను వేర్వేరు సర్వర్ల నుంచి సమకూర్చి డంజన్‌కు పంపే ‘డంజన్ ఫైండర్’ సదుపాయం కూడా వచ్చింది. 2010 డిసెంబరునాటి ‘కాటాక్లిజమ్’ విస్తరణలో పాత ప్రాంతాలను తిరిగి నిర్మించారు. మాంక్రిక్ భార్యకు ‘ఓల్గ్రా’ అనే పేరు లభించింది కూడా ఆ విస్తరణలోనే. 2014లో ‘వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనార్’ విస్తరణ కొన్నవారికి ఒక పాత్రను ఒక్కసారిగా 90వ లెవెల్‌కు చేర్చే అవకాశం ఇచ్చారు. 2020లో ‘ఎగ్జైల్స్ రీచ్’ అనే ప్రత్యేక శిక్షణాద్వీపం వచ్చింది. కొత్తవారు మొదటి లెవెల్ నుంచి పదో లెవెల్ వరకు అక్కడే గడిపి, ఒక్కొక్క పాఠం పూర్తిచేసి బయటికి వస్తారు.

ఈ క్రమాన్ని ఉపదేశ త్రైవిధ్యంతో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఒక ఆటగాడు మరొకరికి స్నేహంతో చెప్పిన జవాబు మొదట అంకెగా, పిదప బాణంగా, చివరకు మ్యాప్‌లోని గుర్తుగా మారింది. మిత్రవాక్యం ప్రభువాక్యంలో లీనమైంది. గుర్తు ఉన్న తరువాత మాంక్రిక్ మాటలు చదవవలసిన అవసరం లేదు. అతని దుఃఖం గుర్తుకు అతికించిన శీర్షిక మాత్రమే. ఓల్గ్రాకు పేరు దొరికిన నాటికి ఆమెను వెతికే పని లేకుండా పోయింది. ఎవరినీ అడగవలసిన పని లేకపోవడంతో, పక్కనే నడుస్తున్న మరో ఆటగాడు దృశ్యంలో భాగమయ్యాడు.

ఇందులో ఏ ఒక్కరి దోషమూ లేదు. ప్రతి సలహాదారుడూ సాయం చేయాలనే అనుకున్నాడు, ప్రతి మార్పూ ఎవరో ఒకరి కష్టాన్ని తీర్చింది. కానీ ఉమ్మడి లోకంలో సలహా వ్యక్తిగతమైనది కాదు. అందరూ ఒకే దారిపట్టీని అనుసరించినప్పుడు మిగిలిన దారులు నిర్మానుష్యమవుతాయి. ఆ తరువాత వచ్చే కొత్తవారికి దారిలో తోడు దొరకదు, ఇంకా వివరమైన దారిపట్టీ కావలసివస్తుంది.

6. పాత లోకం, కొత్త పాఠకులు - 2019, 2023:

2019 ఆగస్టులో సంస్థ ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్’ పేరుతో తొలినాళ్ల రూపాన్ని పునఃప్రతిష్ఠించింది. మ్యాప్‌పై గుర్తులు లేవు, మాంక్రిక్ మళ్లీ దక్షిణంగా వెతకమన్నాడు. అయితే 2004 నాటి అనుభవం పూర్తిగా తిరిగి రాలేదు. గ్రంథం అదే అయినా పాఠకులు మారారు. పదిహేనేళ్లుగా పోగైన జ్ఞానమంతా తొలిరోజుకు ముందే సలహాల రూపంలో సిద్ధంగా ఉంది. ఏ వృత్తి శ్రేష్ఠం, ఏ దారి దగ్గర, ఏ డంజన్ లాభసాటి అన్నవి ముందే తేలిపోయాయి. అజ్ఞానాన్ని సంస్థ పునర్నిర్మించలేకపోయింది. తొలి చదువు ఒక్కసారే జరుగుతుందన్న సత్యాన్ని ఈ ప్రయోగం నిరూపించింది. కొత్తవారికి సలహా చెప్పేవారు ఎంతటి విలువైన వస్తువును తాకుతున్నారో కూడా దీనివల్లే తెలుస్తుంది.

2023 ఆగస్టులో వచ్చిన ‘హార్డ్‌కోర్’ సర్వర్లు మరొక మలుపు. వాటిలో పాత్ర ఒక్కసారి మరణిస్తే అంతే, శవం దగ్గరకు నడిచివచ్చి లేవడం ఉండదు. ఈ ఒక్క నియమంతో సలహాల స్వరూపమే మారింది. వేగాన్ని గురించిన మాటలు వెనుకబడి జాగ్రత్తను గురించిన మాటలు ముందుకు వచ్చాయి. గుహలోకి వెళ్లేముందు వెనుకదారి చూసుకోవాలి, చంపిన శత్రువులు కొంతసేపటికి మళ్లీ పుడతారని మరువరాదు, తనకంటే పైలెవెల్ క్వెస్ట్‌కు తొందరపడరాదు. ‘వెస్ట్‌ఫాల్’ పొలాల్లో దూరం నుంచి నిప్పుముద్దలు విసిరే ‘డెఫియాస్’ దొంగల దగ్గర ఇద్దరు ముగ్గురుగా వెళ్లాలి. హాగర్ ముందు తోడు కోసం ఆగడం మళ్లీ అర్థవంతమైంది.

ఈ సర్వర్లలో మరణవార్తలు బహిరంగంగా ప్రకటితమవుతాయి. మరణించిన పాత్ర పేరు, లెవెల్, చంపిన శత్రువు, స్థలం ఒక్క పంక్తిలో కనిపిస్తాయి. అందులో విధి లేదు, నిషేధం లేదు. అయినా ఒకే గని పేరు పదిసార్లు చదివిన కొత్త ఆటగాడు ఆ గని ముఖద్వారం దగ్గర తనకు తానే ఆగుతాడు. ఎవరో పొందిన అనుభవం ఇంకొకరికి వివేకంగా అందడం ఇతిహాసం చేసే పని. సలహా రచనలన్నిటిలోను అతి చిన్నదైన ఈ పంక్తి ఆ పనిని సమర్థంగా నెరవేరుస్తోంది.

7. కాలౌచిత్యం - మజిలీ దగ్గర చెప్పిన మాట:

క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యానికి అనేక ముఖాలున్నాయి. వాటిలో కాలౌచిత్యం ఒకటి. సలహాకు అది మరింత ముఖ్యం. ఏమి చెప్పారన్నదానికంటే ఎప్పుడు చెప్పారన్నదే తరచుగా దాని గుణాన్ని నిర్ణయిస్తుంది.

తెలుగు పాఠకులకు దీనికి సుపరిచితమైన నమూనా ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడనే యతి వెంట కాశీయాత్రకు బయలుదేరిన గోపబాలుడు ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలోను తాను చూసిన వింతను గురించి అడిగితే దాని కథ చెప్పాలి. యతికి సర్వమూ తెలుసు. అయినా బయలుదేరేముందే దారిలోని వింతలన్నిటి జాబితా ఇవ్వడు. బాలుడు ముందు నడవాలి, చూడాలి, ఆశ్చర్యపోవాలి, అడగాలి. అప్పుడు భోజనం ముగిశాక కథ మొదలవుతుంది. చూపు ముందు, చెప్పడం తరువాత. ఆ క్రమమే బాలుణ్ణి శ్రోతను చేసింది, యాత్రను కథను చేసింది.

ప్రవేశకుల సలహా కూడా ఈ క్రమాన్ని పాటించినప్పుడే శోభిస్తుంది. సంచులు, విద్యల రుసుములు, సత్రంలో విశ్రాంతి, తిరిగి సత్రానికి చేర్చే ‘హార్త్‌స్టోన్’ అనే రాయి వంటివి బయలుదేరేముందే చెప్పదగినవి. వాటిని ఆలస్యంగా తెలుసుకోవడంలో ఆనందమేమీ లేదు. ఓల్గ్రా ఎక్కడుందో, డంజన్ చివర ఎవరున్నారో మాత్రం అడిగినప్పుడే చెప్పవలసినవి. శ్రమ తగ్గించే మాటకు, ఆశ్చర్యాన్ని హరించే మాటకు మధ్య గల ఈ గీతను గుర్తించడమే సలహాదారుని వివేకం.

8. ఆక్షేపణ - సమాధానం:

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. దారి తప్పి తిరగడంలోని ఆనందం తీరిక ఉన్నవారికే చెల్లుతుంది. రోజుకు అరగంట మాత్రమే దొరికేవారికి మ్యాప్‌పై గుర్తు వరమే. భాష విషయం ఇంకా ముఖ్యమైనది. ఈ క్రీడ ఆంగ్లం, జర్మన్, ఫ్రెంచి, కొరియన్, చైనీస్ వంటి భాషల్లో లభిస్తుంది గాని తెలుగులో లేదు. ఆంగ్లంలో రాసిన పొడవైన క్వెస్ట్ వాక్యాలలో దాగిన దిక్కుల సూచనను పట్టుకోవడం, దానిని రెండవ భాషగా నేర్చినవారికి అదనపు భారం. అటువంటివారికి గుర్తు అనువాదం వంటిది. తెలియనితనం అందరికీ సమానమైన సంపద కాదు.

ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అది సలహా అవసరాన్ని నిరూపిస్తుంది గాని, ఆజ్ఞారూపమైన సలహాను సమర్థించదు. భాష రానివారికి కావలసినది మాంక్రిక్ ఏమంటున్నాడో వారి మాటల్లో చెప్పే తోడు. అతణ్ణి పలకరించనవసరం లేదని చెప్పేవారు వారికి ఆ లోకాన్ని మరింత దూరం చేస్తారు. తీరిక లేనివారికి కూడా ‘మీ అరగంటలో ఒక్క క్వెస్ట్ చాలు, చదివి చేయండి’ అని చెప్పేవారే మిత్రులు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రవేశకుల సలహా రచనను సమాచారంగా మాత్రమే కాక, ఉపదేశ ప్రక్రియగా చదవవచ్చు. ప్రభు, మిత్ర, కాంతాసమ్మిత భేదం దాని గుణదోష నిర్ణయానికి ఉపకరిస్తుంది.

2. కారణం చెప్పే సలహా కొత్తవారిని స్వతంత్రులను చేస్తుంది. కారణం చెప్పని దారిపట్టీ వారిని మరొక దారిపట్టీకి అప్పగిస్తుంది.

3. 2004 నుంచి 2020 వరకు జరిగిన పరిణామాలలో మిత్రవాక్యం క్రమంగా క్రీడానియమంలో కలిసిపోయింది. దానితో అడిగే అవసరం, జవాబిచ్చే మనిషి రెండూ వెనుకబడ్డాయి.

4. మరణం శాశ్వతమైన హార్డ్‌కోర్ సర్వర్లలో సలహా మళ్లీ తోడును, జాగ్రత్తను నేర్పే మాటగా మారింది. ఆట నియమం మారితే సలహా స్వరం కూడా మారుతుందనడానికి ఇది నిదర్శనం.

5. శ్రమను తగ్గించే మాట ముందు, ఆశ్చర్యానికి సంబంధించిన మాట అడిగిన తరువాత చెప్పడం ఈ ప్రక్రియకు తగిన కాలౌచిత్యం.

కొత్తవారికి చెప్పవలసిన సలహాలన్నిటిలో అతి చిన్నది, అతి ఉపయోగకరమైనది ఒకటుంది. జట్టులో చేరగానే ‘ఇది నాకు మొదటిసారి’ అని చెప్పడం. ఆ ఒక్కమాటతో మిగిలిన నలుగురు తమ నడక నెమ్మది చేస్తారు, ముందున్న మలుపు గురించి ఒకరు హెచ్చరిస్తారు, పడిపోతే ఒకరు లేపుతారు. అందరూ ఆ ఓపిక చూపకపోవచ్చు. చూపినవారి దగ్గరే ఆట నిలుస్తుంది. దారిపట్టీ రాసేవారు ఆ మాట పలికే అవకాశాన్ని కొత్తవారికి మిగల్చగలిగితే, వారి సలహా తోడుమాట అనిపించుకుంటుంది.